నీలం కుషన్ కవర్లు ఎందుకు ఆగాయంటే

సంక్రాంతికి ముందు మీరు ఆర్డర్ ఇచ్చిన 23 నీలం కుషన్ కవర్లలో 5 మాత్రమే ఇచ్చాను. మిగతావి ఎప్పుడని అడిగిన వాళ్లందరికీ "రెండు రోజుల్లో" అంటూ వచ్చాను. అలా చెప్పి ఉండకూడదు. జరిగింది ఇదీ.

అవి ఫ్రీ మోషన్ క్విల్టింగ్ చేసినవి. గుడ్డను లాగే మిషన్ పళ్లను కిందికి దించేసి, పై గుడ్డ, మధ్యలో దూది షీటు, కింద అస్తరు, మూడింటినీ కలిపి రెండు చేతులతో మనమే తిప్పుతూ కుట్టాలి. రుషికొండ దగ్గర అలలు వచ్చి విరిగే తీరులో ఆ మెలికలు గీసుకున్నాను.

మొదటి 5 అందుకున్న వాళ్లలో ఎంవీపీ కాలనీ నుంచి ఒక అక్క ఫోన్ చేశారు. "నీలం మీద తెల్లటి నూగు లేస్తోందమ్మా. కొత్త పని కదా, ఇంకా చేయి తిరగలేదేమో" అన్నారు. ఆవిడ ప్రేమగానే అన్నారు. కానీ 14 ఏళ్లుగా మిషన్ మీద కూర్చుంటున్న దాన్ని, ఆ రాత్రి అన్నం సహించలేదు.

మా సోఫా దిండుకే ఒక కవర్ మొదలుపెట్టాను. క్విల్టింగ్‌కి గుడ్డ కొంత లోపలికి లాగుతుంది కాబట్టి 16 అంగుళాల దిండుకి 18 అంగుళాల ముక్క కోశాను. కొంత కుట్టి తిరగేసి చూస్తే, మెలిక తిరిగిన ప్రతిచోటా పైదారం కిందికి దిగి కనురెప్ప వెంట్రుకల్లా వేలాడుతోంది. ఆ తప్పు నాదే. మలుపు దగ్గర చేతులు పరిగెడుతున్నాయి, మిషన్ వేగం దానికి సరిపోవడం లేదు. 90 నంబరు సూది వేసి, పైదారం కాస్త బిగించి, మలుపులో చేతులు నెమ్మది చేసుకుంటే నాలుగో రాత్రికి కుదిరింది.

నూగు మాత్రం పోలేదు. అప్పుడు ఇంకో ముక్క తీసుకుని, సగానికి బీరువాలో మిగిలిన పాత దూది షీటు, సగానికి కొత్తగా వచ్చింది పెట్టాను. అదే సూది, అదే దారం, అవే చేతులు. పాత సగం శుభ్రంగా ఉంది. కొత్త సగంలో సూది దిగిన ప్రతి కన్నం నుంచీ తెల్ల పోగు బయటికొచ్చింది. కొత్త షీటు చిన్న ముక్క తుంచి కాల్చాను. దూది అయితే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది కరిగి నల్లటి గట్టి పూసలా ముద్ద కట్టింది. షీట్లు అమ్మే ఆయన నూలు షీటు అని డబ్బు తీసుకుని పాలిస్టర్ పంపాడు! నూలు పోగు సూదికి తగిలితే తెగిపోతుంది. పాలిస్టర్ పోగు తెగదు, సూదితోపాటు పైకి వచ్చేస్తుంది.

ఫోన్ చేస్తే ఆయన అన్నమాట: "అందరూ ఇదే వాడుతున్నారమ్మా, ఎవరికి తెలుస్తుంది?" ఆరేళ్లుగా ఆయన దగ్గరే కొంటున్నాను. ఇక కొనను.

అప్పటికే 18 కవర్లు కుట్టి ఉన్నాయి. ఇదే షీటు మీద నీలం బదులు తెల్ల గుడ్డ వేసి కుడితే నూగు కనపడదు, అలా ఇచ్చేద్దామని మా షాపులో అమ్మాయి అంది. మూడు రాత్రులు అదే ఆలోచన. విప్పి మళ్లీ కుడదామంటే నీలం గుడ్డ మీద సూది కన్నాలు మిగులుతాయి. ఆ 18 ఎవరికీ అమ్మను, తగ్గింపు ధరకి కూడా. అన్నీ కొత్త గుడ్డతో మొదటి నుంచి కుడుతున్నాను. "నిలువు గీతలు కుట్టినా ఫర్వాలేదు" అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. మీ మంచితనం, కానీ అలలే కుడతాను.

మార్చి ఆఖరికి అందరికీ అందుతాయి. ధర అదే. అడ్వాన్స్ వెనక్కి కావాలంటే అడిగిన రోజే ఇస్తాను. ఇప్పటికే తీసుకున్న 5 ఇళ్లకూ నేనే వచ్చి మార్చి ఇస్తాను. కొత్త నూలు షీట్లు వచ్చాయి. ప్రతి కట్టలోంచి ఒక ముక్క కాల్చి చూశాకే లోపలికి తీసుకున్నాను. తర్వాత ఉతుకులో కుదించుకుపోకుండా ముందే తడిపి ఆరేస్తున్నాం.

సగం సగం కుట్టిన ఆ ముక్క కౌంటర్ మీదే పెట్టాను. షాపుకి వచ్చినప్పుడు రెండు వైపులా వేలితో రాసి చూడండి.