ఈసారి చర్చకు: అడవి, నది, భయం

అందరికీ నమస్కారం. ఈసారి ఇంగ్లిష్ రచయిత ఆల్జెర్నాన్ బ్లాక్‌వుడ్ రాసిన రెండు పెద్ద కథలు చదువుదాం: ‘ది విల్లోస్’ (1907), ‘ది వెండిగో’ (1910). మొదటిది తప్పకుండా ముందు చదవండి.

‘ది విల్లోస్’లో ఇద్దరు స్నేహితులు యూరప్‌లోని డాన్యూబ్ నదిలో చిన్న పడవ మీద వెళ్తూ, వరద పోటులో ఒక ఇసుక లంక మీద గుడారం వేస్తారు. మామూలు దెయ్యాల కథల్లోలాగా చచ్చిపోయిన మనిషి పగ తీర్చుకోవడానికి రావడం ఉండదు. లంక అంచులు కోసుకుపోతుంటాయి. విల్లో చెట్లు గుడారం దగ్గరికి జరిగినట్టు అనిపిస్తాయి. పొద్దున చూస్తే ఒక తెడ్డు ఉండదు, రెండోదాన్ని ఎవరో నున్నగా, పల్చగా గీకేసి ఉంటారు. బలంగా ఒక్క తోపు తోస్తే విరిగిపోతుంది! నాకు ఒళ్లు జలదరించింది అక్కడే.

వెండిగో మాత్రం ఉత్తర అమెరికాలో అల్గోంక్వియన్ భాషలు మాట్లాడే ఆదివాసీ జాతుల నమ్మకం. చలికాలపు కరువు, మనిషిని మనిషే తినేంత ఆకలి, అత్యాశ, వీటితో ముడిపడిన భూతం అది. బ్లాక్‌వుడ్ ఆకలిని పక్కకు పెట్టి, మనిషిని లాక్కుపోయే అడవి పిలుపును ముందుకు తెచ్చాడు. కథ గొప్పగా ఉంది, కానీ ఆ నమ్మకంలోని అసలు హెచ్చరిక పల్చబడిందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు, వాదిద్దాం.

సొంతంగా కథ రాస్తున్నవాళ్లకు ఒక మాట. ఏ జానపద నమ్మకం తీసుకున్నా, దాని నియమం ముందు పట్టుకోండి: ఏం చేస్తే దానికి కోపం వస్తుంది, ఏం చేస్తే వదిలేస్తుంది. రూపం సంగతి తర్వాత.