మీరే రికార్డు చేసిన మాటను మీరే వినరా?

కస్టమర్ కేర్ విభాగం అధిపతి గారికి,

విషయం: ఇద్దరు పిల్లలను ఉంచి తోసుకెళ్లే బండి (స్ట్రోలర్) గురించి చేసిన ఫిర్యాదుకు ఏడు వారాలుగా జవాబు ఇవ్వకపోవడం.

నమస్కారం.

ఇదే విషయం మీద మీకు నేను రాస్తున్న ఐదవ ఉత్తరం ఇది. మొదటి నాలుగింటికీ ‘మీ సందేశం మాకు అందింది, 48 గంటల్లో మిమ్మల్ని సంప్రదిస్తాము’ అని దానంతటదే వచ్చే వాక్యం తప్ప, మనిషి రాసిన ముక్క ఒక్కటి కూడా నాకు చేరలేదు. మీ స్ట్రోలర్ మా పిల్లలకు పనికిరాకుండా పోయినందుకు బాధగా ఉన్న మాట నిజమే. కానీ ఈ ఉత్తరం రాయించినది ఆ బాధ కాదు. ఇన్ని వారాలలో నేను చెప్పినది విని, ఇది మా బాధ్యత అని ఒప్పుకుని సరిదిద్దినవారు మీ సంస్థలో ఒక్కరు కూడా లేకపోవడమే నన్ను ఇంతదూరం తెచ్చింది.

కొనే ముందు నేను తెలుసుకోవలసినదంతా అడిగి తెలుసుకున్నాను. అప్పటికి నాకు ఏడో నెల. మా పెద్దపాపకు రెండున్నరేళ్లు. కొంతదూరం నడిచి ఎత్తుకోమంటుంది, మధ్యాహ్నం వేళ ఎక్కడ ఉంటే అక్కడే నిద్రపోతుంది. అందుకని బండి వెనక తగిలించి పెద్దపిల్లను నిలబెట్టే చక్రాల పలక మాకు చాలదనుకున్నాము. పక్కపక్కన సీట్లు ఉండే బండి మా లిఫ్టు తలుపులో పట్టదని టేపుతో కొలిచి చూసి వదులుకున్నాము. మిగిలినది పైన ఒక సీటు, కింద ఒక సీటు ఉండే రకం. దాని విషయంలో నాకున్న సందేహం ఒక్కటే: పెద్దపాప పై సీటులో ఉండగా, అప్పుడే పుట్టిన బిడ్డను కింది సీటులో చదునుగా, వెల్లకిలా పడుకోబెట్టవచ్చా? మెడ నిలవని బిడ్డను కూర్చున్నట్టు ఉంచితే తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఊపిరి ఆడే దారి ఇరుకవుతుంది. అందుకే ఇంచుమించు ఆరు నెలలు వచ్చేదాకా బిడ్డకు బండిలో చదునైన పడక ఉండాలంటారు. ఈ కారణమంతా వివరించి మరీ మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడిగాను. ‘పడుకోబెట్టవచ్చు మేడమ్, రెండు సీట్లూ పూర్తిగా వాలుతాయి, పుట్టిన రోజు నుంచీ వాడుకోవచ్చు’ అని మీ ప్రతినిధి చెప్పారు. నేను రెండోసారి అడిగాను, ఆమె రెండోసారీ అదే చెప్పారు. ఆ మాటలు మొదలయ్యే ముందు ‘సేవల నాణ్యత కోసం ఈ కాల్ రికార్డు చేయబడుతుంది’ అన్న ప్రకటన కూడా విన్నాను. దయచేసి ఈ సంగతిని మీరు గుర్తుంచుకోండి.

బాబు పుట్టిన నాలుగో వారంలో పెట్టె విప్పి బండి బిగించాము. కింది సీటు సగందాకా వాలి ఆగిపోయింది. అది ఆరు నెలలు నిండిన పిల్లలకు మాత్రమేనని పెట్టెలోని పుస్తకంలో ఎక్కడో లోపలి పేజీలో ఉంది. బాబును పైన పడుకోబెట్టి పాపను కింద కూర్చోబెడదామంటే పాప తల పై పడక అడుగుకు తగులుతోంది. బండి గురించి చెప్పడానికి ఇంతకు మించి ఏమీ లేదు.

ఫిర్యాదు చేసిన మొదటి ఫోన్‌లో మీ ప్రతినిధి బిల్లు సంఖ్య, ఫోను నంబరు, చిరునామా, కొన్న తేదీ అడిగి, పై అధికారికి కలుపుతామని చెప్పి 25 నిమిషాలు పాట వినిపించి లైను కట్ చేశారు. మర్నాడు మాట్లాడిన వ్యక్తికి ఆ వివరాలన్నీ మళ్లీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. అంతా విని ఆయన, వాపసు గడువు పది రోజులేనని, అది దాటిపోయిందని అన్నారు. ప్రసవానికి ముందే బండి కొని పెట్టుకున్న వాళ్లు బిడ్డ పుట్టకముందే దానిలో బిడ్డను పడుకోబెట్టి ఎలా చూస్తారని అడిగితే ఆయన దగ్గర సమాధానం లేదు. మూడో వ్యక్తి ఫోటోలు పంపమన్నారు. సీటును అన్ని వైపుల నుంచీ తీసి ఆరు ఫోటోలు పంపాను. బిడ్డను ఆ సీటులో పడుకోబెట్టి తీసిన ఫోటో ఉంటేనే పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ప్రమాదమని నేను చెబుతున్న సీటులోనే నా బిడ్డను పెట్టి సాక్ష్యం చూపమని అడగడానికి వారికి నోరెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అమ్మిన దుకాణాన్ని అడగమని ఇంకొకరు చెప్పారు. మూడు వారాల బాలింతగా ఉన్నప్పుడు గడప దాటనివ్వని మా అమ్మ, రెండో నెల నిండకముందే నన్ను ఆ దుకాణం చుట్టూ రెండుసార్లు తిరగనిచ్చింది. దుకాణం వారు కంపెనీనే అడగమన్నారు. ఐదో ప్రతినిధి అన్న మాటను మాత్రం నేను క్షమించలేను. ‘వీపు కింద ఒక దిండు పెట్టి పడుకోబెట్టండి మేడమ్, చాలామంది అలాగే చేస్తారు’ అన్నారు. పసిబిడ్డ పడకలో మెత్తని దిండు పెట్టకూడదని మీరు ముద్రించిన పుస్తకంలోనే హెచ్చరిక ఉంది. పిల్లల వస్తువులు అమ్మే సంస్థలో ఆ పేజీ చదవని మనిషిని తల్లులకు సలహాలు చెప్పడానికి ఎలా కూర్చోబెట్టారు?

వీరందరిలో ఒక అబ్బాయి మాత్రం నేను చెప్పినదంతా ఓపికగా విని, ‘తప్పు మావైపే ఉంది మేడమ్, కానీ నా చేతిలో ఏమీ లేదు’ అన్నాడు. అతని మీద ఏ చర్యా తీసుకోవద్దని వేడుకుంటున్నాను. కొనే ముందు నాకు హామీ ఇచ్చిన ఆ కాల్ రికార్డును ఒక్కసారి వినమని అతనికి చెప్పాను. పై వారికి రాస్తానన్నాడు. మూడు రోజుల తరవాత ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది, మూసివేయబడినది’ అని సందేశం వచ్చింది. ఎవరు, ఎప్పుడు, ఏ విధంగా పరిష్కరించారో అందులో లేదు. రికార్డు గురించి మళ్లీ అడిగితే, అది సంస్థ లోపలి వ్యవహారమని, బయటివారికి ఇవ్వబోమని చెప్పారు. నాకు ఇవ్వమని నేను అడగలేదు. మిమ్మల్ని వినమన్నాను, అంతే.

మీకు నేను కొత్తదాన్ని కాను. పెద్దపాప పుట్టినప్పుడు కొన్న మొదటి బండి మీదే. అది బాగుందని మా చెల్లెలికి చెప్పి కొనిపించాను, నాతో పనిచేసే ఒకావిడ చేత కొనిపించాను. ఈసారి వేరే కంపెనీ బండి చూద్దామని మా వారు అన్నప్పుడు, వీళ్లు మాట తప్పరని వాదించినదాన్ని నేనే. ఇప్పుడు ఇంట్లో ఆ మాటకు నేనే జవాబు చెప్పుకోవలసి వస్తోంది. బండి మడిచిన మడత విప్పకుండా మూలన ఉంది. పాపను నడిపిస్తూ, బాబును గుండెకు కట్టుకుని, భుజాన సంచితో డాక్టరు దగ్గరికి వెళ్లి వస్తున్నాను. పాప మధ్యలో నిద్రపోతే ఇద్దరినీ ఎత్తుకుంటున్నాను.

కొనే ముందు చేసిన ఆ కాల్ తేదీ, సమయం, నేను మాట్లాడిన ప్రతి కాల్ వివరాలు ఈ ఉత్తరంతో జత చేశాను. మీ అధికారులలో ఒకరు ఆ రికార్డు స్వయంగా విని, అందులో ఏమి ఉందో నాకు సంతకంతో రాసి పంపాలి. ఆ తరవాత బండిని వెనక్కు తీసుకుని పూర్తి డబ్బు ఇస్తారో, పసిబిడ్డను చదునుగా పడుకోబెట్టగల బండిని ఇస్తారో మీరే తేల్చండి. రెంటిలో ఏదైనా నాకు సమ్మతమే. కింది సీటు ఆరు నెలల తరవాతే వాడాలన్న మాటను పెట్టె పైన, అమ్మేచోట, అందరికీ కనిపించేంత పెద్దగా రాయడం కూడా మీ బాధ్యతే. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాను. ఆ రికార్డును అక్కడికి తెప్పించమని మొదటి రోజే కోరుతాను. దయచేసి ఈలోగా దాన్ని చెరిపివేయకండి.

ఇట్లు,
మీ దగ్గర రెండు బండ్లు కొన్న ఒక తల్లి

జతపరచినవి: బిల్లు నకలు, ఆరు ఫోటోలు, కాల్‌ల పట్టిక, ముందు పంపిన నాలుగు ఉత్తరాల నకళ్లు