డిప్రెషన్ ప్రశ్నావళిలో లేని ప్రశ్న

సంపాదకులకు నమస్కారం.

డిప్రెషన్ మీద పత్రికల్లో వ్యాసాలు ఈమధ్య బాగానే వస్తున్నాయి. కొన్నిటి పక్కన తొమ్మిది ప్రశ్నల పట్టిక కూడా వేస్తున్నారు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు దిగులుగా అనిపించింది, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అంటూ సాగుతుంది. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ని కలవమంటారు. సలహా మంచిదే. కానీ ఆ తొమ్మిదిలో ఒక్కటి కూడా ‘దీనికి పూర్తిగా ఎదురు స్థితిలో ఎప్పుడైనా ఉన్నారా?’ అని అడగదు. ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగకపోవడం వల్లే బైపోలార్ డిజార్డర్ (కొన్నాళ్లు కుంగుబాటు, కొన్నాళ్లు దానికి ఎదురైన అతి హుషారు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు చాలామంది ఏళ్ల తరబడి డిప్రెషన్ రోగులుగానే మందులు మింగుతున్నారు.

కుంగిపోయి ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి ఇది ఏ జబ్బో చెప్పడం కష్టం. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, చావు గురించిన ఆలోచనలు డిప్రెషన్, బైపోలార్ రెండిట్లోనూ ఒకేలా ఉంటాయి. రక్తపరీక్షలో గానీ స్కానింగ్‌లో గానీ తేడా తెలియదు. థైరాయిడ్ పరీక్ష చేయించేది కూడా వేరే కారణం ఏదైనా ఉందేమో చూడటానికే. ఆనవాలు దొరికేది గడిచిన కాలంలో.

ఆ గతంలో వెతకాల్సినవి రెండు. మొదటిది మేనియా: కనీసం వారం రోజులపాటు మనిషి తీరే మారిపోతుంది. మాట ఆగదు, ఆలోచనలు ఒకదాన్నొకటి తరుముతుంటాయి, తనంతటివాడు లేడన్న ధీమా, అడ్డూఆపూ లేని ఖర్చు. ఆస్పత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే వారం నిండాలన్న లెక్క కూడా లేదు. ఇది జీవితంలో ఒక్కసారి వచ్చినా బైపోలార్ ఒకటో రకం కిందికి వస్తుంది. రెండోది హైపోమేనియా: అవే లక్షణాలు కాస్త తక్కువ మోతాదులో, కనీసం నాలుగు రోజులు. పని చెడదు, భ్రమలుండవు. దీనికి తోడు డిప్రెషన్ కూడా వచ్చి ఉంటే రెండో రకం.

దొరక్కుండా తప్పించుకునేది ఈ రెండో రకమే. హైపోమేనియాలో ఉన్న మనిషి డాక్టర్ దగ్గరికి ఎందుకొస్తాడు? తన బతుకులో అవే మంచి రోజులనుకుంటాడు. ‘హమ్మయ్య, తేరుకున్నాడు’ అని ఇంట్లోవాళ్లూ సంతోషిస్తారు. పైగా ఈ రకం ఉన్నవాళ్లు హుషారుగా గడిపే రోజులకన్నా కుంగిపోయి గడిపే రోజులు ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే రోగినొక్కణ్నే అడిగితే సరిపోదు. అతన్ని ఏళ్లుగా చూస్తున్నవాళ్లు ఒకరు పక్కన ఉండాలి.

అడగాల్సినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చేది నిద్ర గురించిన ప్రశ్న. నిద్ర పట్టక మూడు గంటలే పడుకుని, మర్నాడు ఒళ్లు ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లు వేరు. మూడు గంటలే పడుకుని, ఇక చాలని లేచి రోజంతా అలుపు లేకుండా తిరిగేవాళ్లు వేరు. రెండోది వరసగా నాలుగైదు రోజులు జరిగి ఉంటే ఇంకా లోతుగా అడగాలి. ఆ రోజుల్లో సంతోషమే ఉండాలనీ లేదు. ముట్టుకుంటే భగ్గుమనే చిరాకు రూపంలో కూడా మేనియా వస్తుంది.

పొద్దున నవ్వి సాయంత్రం ఏడిస్తే ‘బైపోలార్’ అనేయడం కూడా ఈమధ్య అలవాటైంది. పూటపూటకీ మారే మూడ్ దీనికి గుర్తు కాదు.

అనుమానించాల్సిన సూచనలు మరికొన్ని ఉన్నాయి. మొదటి డిప్రెషన్ పాతికేళ్లలోపే రావడం, రక్తసంబంధీకుల్లో బైపోలార్ ఉండటం, కాన్పయిన కొద్ది రోజులకే మొదలవడం, అతిగా నిద్రపోవడం, అతిగా తినడం, హఠాత్తుగా వచ్చి హఠాత్తుగా పోవడం, రెండు మూడు మందులు మార్చినా గుణం కనిపించకపోవడం. ఏ ఒక్కటీ రుజువు కాదు, కానీ నాలుగు కలిస్తే తేలిగ్గా తీసుకోకూడదు.

పేరు ఏదైతేనేం అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే మందు మారిపోతుంది. బైపోలార్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందు (యాంటీడిప్రెసెంట్) ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా రేగుతుంది. మరికొందరిలో దిగులూ ఉద్రేకమూ ఒక్కసారే కమ్ముకుంటాయి. చచ్చిపోవాలన్న కోరికకు ఆ పని చేసే ఊపు తోడయ్యే స్థితి అది, చాలా ప్రమాదకరం. అప్పుడు తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

బైపోలార్‌కు లిథియం, క్వెటియాపిన్, లామోట్రిజిన్ లాంటివి వాడతారు. లామోట్రిజిన్ తొందరపడి పెంచితే ఒళ్లంతా ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. అందుకే సాధారణంగా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, రెండు వారాలయ్యాకే 50 చేస్తారు. లిథియం 1949 నుంచీ ఆధునిక వైద్యంలో ఉంది, ఇప్పటికీ దానికి సాటి వచ్చే మందులు తక్కువ. అయితే రక్తంలో దాని స్థాయి లీటరుకు సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే విషమే. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. ముందే ఇస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కలిపి వేసుకున్నా ఆ స్థాయి పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, అడుగు తడబడటం కనిపిస్తే వెంటనే డాక్టర్ని కలవాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి. బాగుందని ఒక్కసారిగా మానేస్తే మేనియా తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

ఇంతా మీ పాఠకులందరికీ గుర్తుండాలని కాదు. ఈసారి ఆ తొమ్మిది ప్రశ్నలు అచ్చువేసేటప్పుడు వాటి కింద మరో మూడింటికి చోటివ్వమని మా మనవి: ‘వరసగా నాలుగు రోజులో అంతకన్నా ఎక్కువో, తక్కువ నిద్రతోనే మామూలుకన్నా హుషారుగా ఎప్పుడైనా ఉన్నారా? ఆ రోజుల్లో మీరు మీలా లేరని ఎవరైనా అన్నారా? మీ కుటుంబంలో ఎవరికైనా బైపోలార్ ఉందా?’ అవును అన్నంత మాత్రాన జబ్బు తేలినట్టు కాదనీ, ఇప్పటికే వాడుతున్న మందు సొంతంగా ఆపొద్దనీ, ఈ జవాబులు డాక్టరు కొత్త మందు రాయకముందే ఆయన చెవిన వేయాలనీ కింద ఒక ముక్క రాస్తే చాలు.

ఇట్లు,
మానసిక వైద్యరంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు