పొద్దున్నే కెమెరా, పదింటికి కౌంటరు

రాజమహేంద్రవరం,
కార్తిక మాసం.

చిరంజీవి చిన్నాకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. మొన్న ఫోనులో నువ్వన్న మాటకు అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచక, పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి పెట్టేశాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి కెమెరా సంచి విప్పనే లేదనీ, ఇలాగైతే కెమెరానైనా అమ్మేయాలి, ఉద్యోగమైనా మానేయాలి అనీ అన్నావు. ఇది ఫోనులో తేలే విషయం కాదు కాబట్టి, ఆదివారం తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా మట్టుకు నాకు ఈ రెండింటికీ తగువు ఎప్పుడూ కనిపించలేదు. ఇంకా చెప్పాలంటే, ఉద్యోగం వల్లనే నాకు పొద్దుటి వెలుగు దొరికింది. మన ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కదా, సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతుంటే, 1897 నుంచి నూరేళ్లు రైళ్లను మోసిన ఆ పాత హేవ్‌లాక్ వంతెన ఎర్రటి ఆకాశం మీద నల్లగా నిలబడుతుంది. ఊళ్లో కెమెరా ఉన్న ప్రతివాళ్లూ ఆ ఫొటో తీశారు, ఇప్పుడు సెల్‌ఫోన్లు వచ్చాక కెమెరా లేనివాళ్లూ తీస్తున్నారు. నేను క్యాష్ సరిచూసి, తాళాలు వేయించి బ్యాంకు నుంచి బయటపడేసరికి చీకటి పడిపోతుంది కాబట్టి ఆ ఫొటో నాకు దక్కలేదు, దక్కకపోవడమే మేలయింది. పొద్దున వెలుగు మన వెనక నుంచి, ఊరి మేడల మీదుగా వస్తుంది. ముందు నది నడుమ నీళ్ల మీద పడుతుంది, రేవు మెట్లు మాత్రం చాలాసేపు నీడలోనే ఉంటాయి, ఆ నీడ అంచు కొంచెం కొంచెంగా గట్టు వైపు జరుగుతూ వస్తుంది. నడుము లోతు నీళ్లలో నిలబడి అర్ఘ్యమిచ్చేవాళ్లు తూర్పుకు, అంటే మెట్ల మీద కూర్చున్న నా వైపుకే తిరిగి ఉంటారు. నీడ అంచు వాళ్లను దాటగానే మొహం మీద, దోసిలి మీద ఒక్కసారిగా ఎండ పడుతుంది. షట్టరు వేగం సెకనులో 1/500 వంతు దగ్గర పెడితే వేళ్ల సందుల్లోంచి జారే నీళ్లు చుక్కలు చుక్కలుగా విడిపోతాయి, 1/30కి తగ్గిస్తే అవే నీళ్లు దారంలా సాగుతాయి. చుక్కలు కావాలా, దారం కావాలా అన్నది తీసేవాడు ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ దోసిలి మళ్లీ నిండేసరికి నీడ ఎక్కడికో పోతుంది.

కార్తికంలో అయితే అంతకన్నా ముందే, ఇంకా తెల్లవారకముందే, అరటి దొప్పల్లో దీపాలు వదులుతారు. అప్పుడు వెలుగును పట్టే చురుకు, అదే ఐఎస్‌ఓ, 1600కు పెంచి, లెన్సులో వెలుగు దూరే కన్నం, అంటే ఎపర్చరు, పూర్తిగా తెరిచి, మోచేతులు మోకాళ్లకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి తీయాలి. ఫ్లాష్ వేశావా, దీపం చచ్చిపోతుంది, మనిషి మాత్రం దొంగలా కనిపిస్తుంది. స్నానం చేసి తడి బట్టలతో ఒడ్డుకు వచ్చే ఆడవాళ్ల మీదికి నేను కెమెరా ఎత్తను, ఎత్తేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దీపం వదిలే ఆవిడను కూడా కళ్లతోనైనా అడిగి, ఆవిడ తల ఊపాకే తీస్తాను. అడిగితే సహజత్వం పోతుందని మీ వయసువాళ్లు అంటారు. కాసేపు ఆగితే ఆవిడ నన్ను మరిచిపోయి తన దీపంలో తాను పడుతుంది, ఆ ఓపిక లేనివాడే సహజత్వం గురించి ఎక్కువ మాట్లాడతాడు.

ఏడింటికల్లా ఇంట్లో ఉండాలి, కుక్కరు పెట్టాలి, డబ్బాలు సర్దాలి, పదింటికి కౌంటరు తెరవాలి. ఈ తొందర వల్ల నాకు అలవాటైంది ఒక్కటే, పనికిరాని ఫొటో కోసం ఆగకపోవడం. యాషికా కెమెరాతో మొదలుపెట్టిన రోజుల్లో ఈ పాఠం రీలు నేర్పింది. 36 ఫొటోల రీలు ఒకటి కొంటే సంక్రాంతి నుంచి వేసవి సెలవుల దాకా రావాలి, తర్వాత దాన్ని కడిగించడానికి మళ్లీ జీతం రావాలి. నువ్వు పుట్టాక కొన్నేళ్లు రేవు మొహం చూసింది లేదు. అప్పుడు నా స్టూడియో మన పాత ఇంటి వంటింటి గుమ్మమే, ఉత్తరం వైపు కిటికీ నుంచి రోజంతా ఒకేలా వచ్చే మెత్తటి వెలుగులో నువ్వు గిన్నెలు బోర్లిస్తూ కూర్చునేవాడివి. నా ఆల్బముల్లో ఇప్పటికీ పనికొచ్చే ఫొటోలు ఏవని అడిగితే, అరకుకు, హంపికి వెళ్లి తీసినవాటికన్నా ఆ గుమ్మం దగ్గర తీసినవే ముందు చూపిస్తాను. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు వచ్చింది 2015లో కదా, అప్పటికి నేను ఫొటో తీస్తానంటే నువ్వు మొహం తిప్పుకునేవాడివి.

ఇక బ్యాంకు సంగతి. అక్కడ కెమెరా బయటికి తీయను, తీయకూడదు కూడా. అయినా మనుషుల మొహాలు చూడడం నేను నేర్చుకున్నది ఆ కౌంటరు వెనకే. నవంబరు వచ్చిందంటే పెన్షనుదారులంతా తాము బతికే ఉన్నామని రుజువు చూపించడానికి వస్తారు. ఇప్పుడు చాలామందికి డిజిటల్ పద్ధతిలోనే పని అయిపోతుంది కానీ, జీవితమంతా చేతులతో పని చేసినవాళ్ల వేళ్లు అరిగిపోయి యంత్రం మీద ముద్ర పడదు. వేలు తుడుచుకుని, మళ్లీ పెట్టి, అదీ పడక, తప్పేదో తమదే అయినట్టు మన వైపు చూస్తారు. 2021 నుంచి సెల్‌ఫోను కెమెరాతో మొహాన్ని గుర్తుపట్టే వీలు వచ్చాక కొంత నయం. వేలు ఒప్పుకోకపోయినా మొహం ఒప్పుకుంటుంది. వాళ్ల పెన్షను ఉత్తర్వు మీద భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో ఒకటి ఉంటుంది, చూశావో లేదో. రిటైరయ్యే ముందు కాగితాల కోసం హడావిడిగా స్టూడియోకు వెళ్లి తీయించుకున్నది. ఇద్దరి భుజాల మధ్య జానెడు ఎడం, ఆవిడ చూపు కెమెరాకు కొంచెం పక్కగా, ఆయన మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కాలో బిగుసుకుపోయి ఉంటారు.

ఆ మధ్య ఒక పెద్దావిడ కుటుంబ పెన్షను కోసం వస్తూ, ఆ ఫొటో తీసి ఇవ్వమని నన్ను అడిగింది. ఆయనవి ఇంట్లో వేరే ఫొటోలు లేవట, ఉన్న పెళ్లి ఫొటో వరదల్లో తడిసి అట్టకు అంటుకుపోయిందట. రికార్డులో ఉన్నదాన్ని చింపి ఇవ్వలేం. ఆవిడ దగ్గర ఉన్న ఉత్తర్వు ప్రతిని తెచ్చుకోమని చెప్పి, ఆదివారం మన వసారాలో బల్ల మీద దాన్ని పరిచి, ఎండ నేరుగా పడకుండా చూసి, ఫ్లాష్ మెరుపు రాకుండా పక్క వెలుగులో, కెమెరాను కాగితానికి సమంగా వంచి ఆ ఫొటోనే ఫొటో తీశాను. అధికారి వేసిన గుండ్రటి సీలు సగం కాగితం మీద, సగం ఆయన భుజం మీద పడి ఉంది. కంప్యూటరులో ఆ నీలి సిరా తుడిచేయగలిగేదాన్నే, కానీ చొక్కా మడతలు కూడా కొట్టుకుపోయేలా ఉన్నాయని వదిలేశాను. ప్రింటు చేతికిచ్చాక ఆవిడ సీలు సంగతే పట్టించుకోలేదు. ఆ రోజు తను కట్టుకున్న చీర ఎవరిదో, దాన్ని ఎవరి దగ్గర అరువు తెచ్చుకుందో చెప్పడం మొదలుపెట్టింది. ఇలాంటి ఫొటో ఏ పోటీకీ పంపలేం, కానీ నేను ఆ కౌంటరులో లేకపోతే ఈ పని నా దాకా వచ్చేదా చెప్పు.

ఉద్యోగం వదిలి ఫొటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ పేరు నువ్వు ఎత్తుతావని తెలుసు, అందుకే నేనే చెబుతాను. ఆరవ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా, సికింద్రాబాదులో స్టూడియో నడిపినవాడిగా అందరికీ ఆయన తెలుసు. ఆయన మొదట రూర్కీలో ఇంజినీరింగు చదివి, ఇందోరులో ప్రజా పనుల శాఖలో నక్షలు గీస్తూ, అంచనాలు వేస్తూ ఉన్న ప్రభుత్వోద్యోగి. 1874లో కెమెరా పట్టుకున్నాక కూడా చాలా ఏళ్లు ఆ కొలువులోనే ఉన్నాడు. కట్టడాన్ని ఎక్కడి నుంచి చూస్తే దాని నిడివి, ఎత్తు సరిగ్గా తెలుస్తాయో నక్షలు గీసిన చెయ్యికి బాగా తెలుసు, ఆయన కోటల ఫొటోల్లో అది కనిపిస్తుంది. తీయించుకునేవాళ్లు చాలినంతమంది ఉన్నారని తేలాక, ముందు సెలవు పెట్టి, ఆ తర్వాతే ఉద్యోగం వదిలాడు. వదలడం తప్పని నేను అనడం లేదు, ఆ వరస మాత్రం గమనించమంటున్నాను.

ఇప్పుడు మన దగ్గర ఫొటోగ్రఫీ మీద బతకడమంటే నూటికి తొంభై పాళ్లు పెళ్లిళ్లే. నువ్వు పెళ్లిళ్లలో కెమెరా పడతానంటే నాకు నామోషీ ఏమీ లేదు, తెల్లవారుజాము ముహూర్తానికి నిద్ర చెడగొట్టుకుని, జీలకర్ర బెల్లం పెట్టే ఒక్క క్షణం తప్పిపోకుండా పట్టడం చిన్న విద్య కాదు. కానీ ఆ బతుకు పంచాంగం చేతిలో ఉంటుంది. మాఘంలో, శ్రావణంలో ఒకే రాత్రి మూడు పిలుపులు వస్తాయి, ఆషాఢం వచ్చినా, మూఢం వచ్చినా నెలల తరబడి కెమెరా సంచి అటకెక్కుతుంది. కెమెరా బాడీలు రెండు ఉండాలి, డ్రోను ఉండాలి, ఆల్బము డబ్బులు పెళ్లివారి దగ్గర నిలిచిపోతే అడగడానికి నోరుండాలి. నువ్వు బాకీ అడగలేవని నీకూ తెలుసు, నాకూ తెలుసు. పైగా అక్కడ నీకు నచ్చిన ఫొటోకు చోటు ఉండదు, పెళ్లికూతురు మేనత్తకు నచ్చిన ఫొటోకే ఉంటుంది. నీ మనసు రోడ్ల మీద, మనుషుల మీద ఉంది కాబట్టి, ఆ ఫొటోలకు తిండి పెట్టే బాధ్యత జీతానికి అప్పగించడమే నాకు సబబుగా తోస్తుంది. రెండేళ్లు పోయాక కూడా ఇదే మాట మీద ఉంటే అప్పుడు కూర్చుని లెక్కలు వేద్దాం, నాన్నకు నేను చెబుతాను.

ఈలోగా ఒక పని చెయ్యి. పుణెలో నిన్ను హింజెవాడి ఆఫీసు దగ్గర దించే కంపెనీ బస్సు ఎన్నింటికి వస్తుందో చూసుకుని, దానికి ముందు దొరికే గంటనే లెక్కలోకి తీసుకో. సెలవు రోజైతే పొద్దున్నే పర్వతి కొండ మెట్ల మీదికి వెళ్లు, రోజూ ఎక్కేవాళ్లతో నాలుగు మాటలు కలుపు. మొదటి రెండు వారాలు కెమెరా తీయకపోయినా ఫరవాలేదు. లెన్సులు మార్చుకుంటూ కూర్చోకు, 50 ఎంఎం ఒక్కటీ తగిలించుకుని వెళ్లు, దగ్గరికి కావాలంటే నువ్వే నడువు.

అమ్మడం సంగతి మాత్రం ఇప్పుడే చెబుతున్నాను, ఆ 50 ఎంఎం బయటివాళ్లకు ఇవ్వకు. పోయిన వానాకాలం నా దాని లోపల సాలెగూడులా ఫంగస్ పట్టింది, ఎదురు వెలుగులో తీస్తే ఫొటో అంతా తెల్లగా పొగమంచు కమ్మినట్టు వస్తోంది. నీ దాన్ని కూడా దీపం ముందు పెట్టి, ఎపర్చరు పూర్తిగా తెరిచి, అవతలి నుంచి ఒకసారి చూసుకో. సంచిలో వదిలేయకుండా గాలి దూరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చినవి ఇక్కడ చాలా దాచాను, పంపిస్తాను. సంక్రాంతికి టికెట్టు ఇప్పటికైనా చేయించు, ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టులో పడతావు. వచ్చేటప్పుడు కెమెరా తెచ్చుకో, భోగి నాడు పొద్దున్నే రేవుకు నాతో వద్దువుగాని.

ఆశీస్సులతో,
అమ్మ