మాచా వంటకాలకు గ్రాములు, డిగ్రీలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య పత్రికల ఆదివారం అనుబంధాల్లో, వంటల పేజీల్లో మాచా లాటే, అంటే జపాన్ గ్రీన్ టీ పొడిని పాలతో కలిపి చేసే పానీయం, తరచుగా కనిపిస్తోంది. సంతోషమే. కానీ చాలావరకు "ఒక చెంచా మాచా పొడి, కప్పు వేడి పాలు, తగినంత చక్కెర వేసి బాగా కలపాలి" అన్న మూడు ముక్కలతో సరిపెడుతున్నారు. ఏ చెంచా, ఎంత వేడి, దేనితో కలపాలి అన్నవి ఉండవు. అలా చేస్తే కప్పులోకి వచ్చేది ఉండలు తేలే చేదు పాలే. డబ్బు పోసి కొన్న పొడి ఆ ఒక్కరోజుతో అటకెక్కుతుంది. ఈ పానీయం ఇంట్లో చక్కగా వస్తుంది, కష్టమూ లేదు. కొలత, వేడి ఈ రెండూ కుదరాలి. అందుకే ఈ ఉత్తరం.

మన ఇళ్లలో టీ అంటే మరగాల్సిందే. మనం వాడే సీటీసీ టీ పొడి అందుకు తగ్గట్టే తయారవుతుంది. ఆకును నలిపి, చింపి, గుళికలుగా చుట్టి, గాలి తగిలించి నల్లబరుస్తారు కాబట్టి పాలతో కలిపి మరిగించినా, ఇరానీ చాయ్ డికాక్షన్‌లా సన్నసెగ మీద చాలాసేపు ఉంచినా తట్టుకుంటుంది. మాచాది దీనికి పూర్తిగా ఎదురు దారి. జపాన్‌లో క్యోటో దగ్గరి ఉజి, ఐచి ప్రాంతంలోని నిషియో, ఫుకువోకాలోని యామె, దక్షిణాన కగోషిమా దీనికి పేరుపడ్డ చోట్లు. అక్కడి తోటల్లో ఆకు కోతకు మూడు నాలుగు వారాల ముందు నుంచే మొక్కల మీద తెరలు కప్పి ఎండ తగలకుండా చేస్తారు. నీడలో ఆకు పచ్చదనం చిక్కబడుతుంది. కమ్మదనాన్నిచ్చే థియనిన్ ఆకులో నిలుస్తుంది, వగరునిచ్చే క్యాటెకిన్లు తగ్గుతాయి. కోసిన వెంటనే ఆవిరి పట్టి, చుట్టకుండా ఆరబెట్టి, ఈనెలు, కాడలు తీసేస్తారు. మిగిలిన రేకులను తెంచా అంటారు. దాన్ని రాతి తిరగలిలో విసిరితే మాచా. ఒక తిరగలి మీద గంటకు 30, 40 గ్రాములే వస్తుంది. తొందరపడి జోరుగా తిప్పితే రాయి వేడెక్కి పొడి రంగూ వాసనా పోతాయి. తిరగలి వేడికే చెడే పొడిని మనం పొయ్యి మీద పెట్టి మరిగిస్తున్నామన్నమాట.

కొనేటప్పుడు ముందు పెట్టె వెనకవైపు చూడాలి. పదార్థాల పట్టికలో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం. మొదట చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్, పాలపొడి ఉండి చివర్లో మాచా కనిపిస్తే అది ముందే అన్నీ కలిపి అమ్మే ప్రీమిక్స్. అందులో ఈ కొలతలేవీ పనిచేయవు. టీ వేడుకలకు తగిన మేలురకం అన్న అర్థంలో పెట్టె మీద రాసే "సెరిమోనియల్ గ్రేడ్" అన్న మాటకు జపాన్‌లో చట్టబద్ధమైన నిర్వచనం ఏదీ లేదు, అమ్మేవాళ్లు పెట్టుకున్న పేరు అది. దాన్ని నమ్మి ఎక్కువ ధర పెట్టడం కన్నా రంగు చూసుకోవడం మేలు. తెల్ల కాగితం మీద చిటికెడు పొడి వేసి వేలితో గీత గీయండి. మంచి పొడి లేత గడ్డి రంగులో మెరుస్తూ గీత చివరిదాకా సాగుతుంది. పాతబడ్డదో, ఎండలో పెరిగిన ఆకుదో అయితే పసుపు, గోధుమ ఛాయ కొట్టి, ముక్కలు ముక్కలుగా తెగుతుంది. ఇంట్లోని గ్రీన్ టీ ఆకును మిక్సీలో వేసి మాచా చేసుకోవచ్చని కొందరు రాస్తున్నారు. అలా వచ్చేది నాలుకకు ఇసుకలా తగిలే చేదు పొడి. ఆ ఆకు నీడలో పెరగలేదు, ఈనెలు తీయలేదు, మిక్సీ బ్లేడు అంత మెత్తగా చేయలేదు.

లాటేకు అన్నిటికన్నా ఖరీదైన పొడి అక్కర్లేదు కూడా. ఒట్టి నీళ్లతో తాగడానికి చేసిన మేలురకం తీపి, సున్నితపు వాసన పాలలో పడితే మునిగిపోతాయి. కాస్త వగరున్న మధ్యరకమే పాలకు ఎదురు నిలుస్తుంది. 2024 శరత్కాలంలో గిరాకీ తట్టుకోలేక క్యోటోలోని ఇప్పొడో, మారుక్యు కొయామాయెన్ లాంటి పాత సంస్థలే మనిషికింత అని అమ్మకాలకు హద్దు పెట్టాయి. ఇలాంటి కాలంలో మేలురకాన్ని పాలలో పోయడం దండగ.

ఇక కొలత. ఒక గ్లాసు లాటేకు పొడి 2 గ్రాములు, నీళ్లు 60 మిల్లీలీటర్లు, పాలు 150 మిల్లీలీటర్లు. చిక్కటి పాలైతే పొడి 3 గ్రాములు. జల్లించని పొడి, తలకొట్టిన టీ చెంచా నిండా తీసుకుంటే సుమారు 2 గ్రాములు. జల్లించాక పొడి పొంగి బరువు తక్కువ తూగుతుంది కాబట్టి ముందు కొలిచి తర్వాత జల్లించాలి. బిర్యానీ తినే పెద్ద చెంచాతో కొలిస్తే రెండు మూడింతలు పడి, ఎంత చక్కెర వేసినా చేదు చావదు.

జల్లించడం మానేస్తే మిగతా పనంతా వృథా. పొడి అతి మెత్తన కావడంతో రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండ కడతాయి. తేమ తగిలితే ఇంకా ఎక్కువ. పైన తడిసిన ఉండ లోపల పొడిగానే ఉండి, తాగేటప్పుడు నోట్లో పగులుతుంది. పొడిగా ఉన్న టీ వడగట్టు చాలు, చెంచా వెనకవైపుతో నెమ్మదిగా రుద్దితే దిగిపోతుంది. వడగట్టు లేకపోతే పొడిలో టీ చెంచాడు చక్కెర పొడి వేసి ముందే పొడిపొడిగా కలిపేయండి. చక్కెర రేణువులు అడ్డుపడి మాచాను విడదీస్తాయి.

నీళ్ల వేడి 75 నుంచి 80 డిగ్రీలు. సలసల కాగే నీళ్లు పోస్తే వగరు, చేదు ఒక్కసారిగా పైకొస్తాయి, కమ్మదనం వాటి కింద అణిగిపోతుంది, రంగూ మాడుతుంది. మరీ గోరువెచ్చని నీళ్లయితే నురగ సరిగా రాదు. థర్మామీటరు లేదా? మూడు వంతులు మరిగిన నీళ్లకు ఒక వంతు మామూలు కుండ నీళ్లు కలపండి. అంటే 45 మిల్లీలీటర్లకు 15. లెక్క ప్రకారం 80 దాటుతుంది గానీ, చల్లని గిన్నె కొంత వేడి లాగేసుకుంటుంది కాబట్టి కావలసిన చోటికే వస్తుంది. ఫ్రిజ్ నీళ్లు వాడితే ఈ లెక్క తప్పుతుంది.

జల్లించిన పొడి మీద ఆ నీళ్లన్నీ ఒకేసారి గుమ్మరించకూడదు. ముందు 15 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద చెంచాడు పోసి, గోరింటాకు ముద్ద కలిపినట్టు ఉండల్లేకుండా కలపాలి. తర్వాత మిగతా నీళ్లు. ఇప్పుడు గిలక్కొట్టాలి. జపాన్‌లో వెదురుతో చేసిన చాసెన్ అనే చిన్న కవ్వం వాడతారు. నారా ప్రాంతంలోని తకయామా దానికి పెట్టింది పేరు. మణికట్టు వదులుగా ఉంచి, ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం రాసినట్టు ముందుకీ వెనక్కీ 15, 20 సెకన్లు వేగంగా ఆడించాలి. గుండ్రంగా తిప్పితే నీళ్లు సుడి తిరుగుతాయే గానీ గాలి కలవదు. గిన్నె అడుగును గీకితే నురగ రాదు, పుల్లలు విరుగుతాయి. అడుగుకు కొంచెం పైనే ఉంచి, చివర్లో ఉపరితలం మీద మెల్లగా ఆడిస్తే పెద్ద బుడగలు చితికి సన్న నురగ నిలుస్తుంది. గిన్నెలో నూనె జిడ్డు ఉంటే ఎంతసేపు కొట్టినా నురగ నిలవదు, కాబట్టి పోపు గిన్నెలు ఈ పనికి వద్దు.

చాసెన్ లేదని ఆగక్కర్లేదు. బ్యాటరీతో నడిచే, నురగ తెప్పించే చిన్న ఫ్రాతర్ చక్కగా పనిచేస్తుంది. దాన్ని ద్రవంలో ముంచాకే స్విచ్ వేయాలి, లేకపోతే పచ్చని తుంపర గోడకెక్కుతుంది. మూత బిగుసుకునే సీసాలో వేసి అరనిమిషం ఊపడం కూడా మంచి ఉపాయమే గానీ, చల్లని నీళ్లతోనే చేయాలి. వేడి నీళ్లయితే లోపల ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి చెయ్యి కాలుతుంది. మజ్జిగ కవ్వం ఇంత కొద్ది నీళ్లకు పనికిరాదు. మిక్సీలో వేస్తే సగం పొడి జార్ గోడలకే అంటుకుపోతుంది.

పాల సంగతి మన వంటలవాళ్లు తేలిగ్గా వదిలేస్తున్నారు, కానీ రుచిలో సగం అక్కడే ఉంది. ప్యాకెట్ పాలలో టోన్డ్ రకానికి 3 శాతం, స్టాండర్డైజ్డ్‌కు 4.5 శాతం, ఫుల్ క్రీమ్‌కు 6 శాతం వెన్న ఉండాలి. లాటేకు మొదటి రెండే సరిపోతాయి. ఫుల్ క్రీమ్, గేదె పాలు కమ్మగా ఉన్నా వాటి వెన్న నాలుక మీద పూతలా పరుచుకుని మాచా వాసనను మూసేస్తుంది. అవే ఇంట్లో ఉంటే నాలుగో వంతు నీళ్లు కలపండి, పొడి 3 గ్రాములు చేయండి. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ క్యాటెకిన్లను పట్టుకుంటుంది కాబట్టి వగరు ఎలాగూ తగ్గుతుంది. నీళ్లతో తాగితే ఘాటుగా ఉండే పొడి పాలతో మెత్తబడేది అందుకే.

పాలు కాచి దించి, 60 డిగ్రీల దగ్గరకు రానివ్వాలి. గ్లాసు చేత్తో పట్టుకుంటే వేడిగా ఉండాలి, వదిలేయాలనిపించేంత కాదు. మీగడ కట్టి ఉంటే వడకట్టాలి, లేకపోతే పచ్చని మీగడ తునకలు పైకి తేలతాయి. నురగకు యంత్రం ఎందుకు? ఫిల్టర్ కాఫీకి చేసినట్టు రెండు స్టీలు గ్లాసుల్లో నాలుగైదు సార్లు ఎత్తి తిరగబోస్తే నురగా వస్తుంది, పాలు తగిన వేడికీ దిగుతాయి. మాచాను మాత్రం పాలతో కలిపి తిరగబోయవద్దు, పొడి గ్లాసు గోడలకు పట్టేస్తుంది. పచ్చని ద్రవం గ్లాసులో పోసి, పాలు దాని మీద నెమ్మదిగా వంచడమే మిగిలింది.

తీపికి చక్కెర ఒకటి, ఒకటిన్నర టీ చెంచాలు. బెల్లం ఇష్టమైనవాళ్లు వేడి పాలలో నేరుగా వేస్తే పాలు విరగవచ్చు. నీళ్లలో కరిగించి, వడకట్టి, చల్లార్చిన బెల్లం పాకం చివర్లో కలపాలి. అదీ లేత రంగు బెల్లమైతేనే. నల్లబెల్లం రుచి మాచాను మింగేస్తుంది. యాలకులు, అల్లం వేస్తే ఇక మాచా ఎందుకు వేశామో తెలియదు.

ఎండాకాలంలో చల్లటిదే బాగుంటుంది. పొడి 3 గ్రాములు, వేడి నీళ్లు 40 మిల్లీలీటర్లతో చిక్కగా గిలక్కొట్టి, గ్లాసు నిండా ఐసు, 150 మిల్లీలీటర్ల చల్లని పాలు పోసి, పైన దీన్ని వంచాలి. చల్లని పాలలో చక్కెర సరిగా కరగదు, కాబట్టి సమపాళ్ల చక్కెర, నీళ్లు కాచి చల్లార్చిన పాకమే వాడాలి. వేడిదైనా చల్లనిదైనా అడుగున పచ్చని మడ్డి చేరితే పొడి కల్తీ అనుకోవద్దు. మాచా నీళ్లలో కరగదు, తేలుతూ ఉంటుంది అంతే. పది నిమిషాలు కదపకుండా ఉంచితే ఎంత మంచిదైనా అడుక్కి దిగుతుంది. చెంచాతో ఒకసారి తిప్పి తాగాలి.

మన వాతావరణంలో నిల్వే అసలు గండం. వేడి, వెలుతురు, గాలి, తేమ నాలుగూ దీనికి శత్రువులే. పొయ్యి పక్క అలమరలో గాజు సీసాలో పెడితే కొద్ది వారాల్లోనే పచ్చరంగు పోయి ఎండుగడ్డి వాసన వస్తుంది. 30 గ్రాముల చిన్న డబ్బా కొని, వెలుతురు సోకని గాలి చొరని మూతతో ఫ్రిజ్‌లో పెట్టి, తెరిచాక నెల, నెలన్నరలో వాడేయాలి. ఫ్రిజ్‌లోంచి తీయగానే మూత తెరవకండి. చల్లని పొడి మీద గాలిలోని తేమ చేరి ఉండ కడుతుంది, కోస్తా జిల్లాల్లో మరీను. కొత్త డబ్బాను పూర్తిగా గది వేడికి వచ్చాకే తెరవాలి. తర్వాత్తర్వాత వాడుకకు వారానికి సరిపడా పొడి చిన్న డబ్బాలోకి తీసుకుంటే పెద్దదాన్ని మాటిమాటికీ తెరిచే పని ఉండదు. చాసెన్‌ను వాడే ముందు ఒక నిమిషం గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తర్వాత సబ్బు లేకుండా కడిగి, గాలి తగిలేచోట ఆరనివ్వాలి. వానాకాలంలో తడిదాన్ని పెట్టెలో మూస్తే బూజు పడుతుంది.

ఆరోగ్యం గురించి అచ్చవుతున్న మాటలపై ఒక విన్నపం. మాచాలో యాంటీఆక్సిడెంట్లు "మామూలు గ్రీన్ టీ కన్నా 137 రెట్లు" అన్న అంకె ప్రతి వ్యాసంలోనూ కనబడుతోంది. 2003లో వచ్చిన ఒక అమెరికన్ పరిశోధనలో, ఈజీసీజీ అనే ఒక్క క్యాటెకిన్ విషయంలో, ఒకానొక రకం గ్రీన్ టీతో పోల్చి ఇచ్చిన అంకె అది. అంతవరకు నమోదైన ఇతర గ్రీన్ టీల గరిష్ఠ కొలతతో పోల్చినప్పుడు అదే పరిశోధన చెప్పింది కనీసం మూడు రెట్లు అని. ఈ రెండో మాట ఎవరూ రాయరు.

రాయవలసినది ఇంకొకటుంది. ఆకు మొత్తం కడుపులోకి పోతుంది కాబట్టి 2 గ్రాముల మాచాలో రకాన్ని బట్టి సుమారు 40 నుంచి 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. గర్భిణులకు రోజుకు 200 మిల్లీగ్రాములు దాటవద్దని వైద్యులు చెప్పే హద్దులో కాఫీ, టీలతో పాటు దీన్నీ లెక్కవేసుకోవాలి. సాయంత్రం దాటాక తాగితే నిద్ర పట్టని వాళ్లుంటారు. అంతకన్నా ముఖ్యం, టీలోని పాలీఫినాల్స్ ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చే ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. మన రెండు రాష్ట్రాల్లోనూ సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కాబట్టి భోజనంతో గానీ, ఐరన్ మాత్రతో గానీ దీన్ని తాగకూడదు. కనీసం గంట ఎడం ఉండాలి.

ఇకమీదట మీ వంటల పేజీలో మాచా లాటే వేసినప్పుడు పొడి గ్రాముల్లో, నీళ్లూ పాలూ మిల్లీలీటర్లలో, వేడి డిగ్రీల్లో ఇచ్చి, ఐరన్ మాత్రల మాట కింద ఒక వాక్యంలో వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
టీ వ్యాపారంలో ఉన్న ఒక పాఠకుడు,
విశాఖపట్నం