ఇల్లు అమ్మేవారు ముందు కాగితాలు సరిచూసుకోవాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇల్లు కొనేవారు ఏయే పత్రాలు అడిగి తీసుకోవాలో, వేటిని న్యాయవాదికి చూపించాలో పత్రికలలో తరచుగా చదువుతుంటాం. అమ్మేవారు ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలన్నది మాత్రం అరుదుగా కనిపిస్తుంది. మా నాన్నగారి ఇంటిని అమ్మబోయి నెలల తరబడి తిరిగినవాడిగా ఈ లేఖ రాస్తున్నాను.

దస్తావేజులన్నీ భద్రంగా ఉన్నాయన్న ధీమాతో మేము ముందు బేరం కుదుర్చుకుని, బయానా తీసుకుని, ఆ తరువాతే కాగితాల కట్ట విప్పాం. కొనేవారికి అప్పు ఇస్తున్న బ్యాంకు తరఫు న్యాయవాది రిజిస్ట్రేషన్ రికార్డులు తీయించి చూస్తే, నాన్నగారు ఎన్నో ఏళ్ల కిందట పూర్తిగా తీర్చేసిన గృహరుణం తాలూకు తనఖా ఇంకా ఆ ఇంటి మీదే నమోదై ఉంది. అప్పు తీరిపోయిందని రుణదాత ఇచ్చిన ఉత్తరం మా బీరువాలో, ప్లాస్టిక్ కవరులో, మడత నలగకుండా ఉంది. కానీ అప్పు తీరడం వేరు, తనఖా విడుదలైనట్టు రికార్డులోకి ఎక్కడం వేరు. ఆ రెండో పని ఎవరూ చేయలేదు, చేయాలని నాన్నగారికి ఎవరూ చెప్పలేదు. ఈలోగా నాన్నగారికి అప్పిచ్చిన సంస్థ శాఖ మరో శాఖలో కలిసిపోవడంతో, పాత ఫైలు వెతికించి, విడుదల పత్రం రాయించి, నమోదు చేయించేసరికి ఒప్పందంలో రాసుకున్న గడువు దాటిపోయింది. కొనేవారు మంచివారు కనుక ఆగారు. ఆగకపోతే బయానా వాపసుతో పాటు పరిహారం కూడా మేమే ఇచ్చుకోవలసి వచ్చేది.

పేర్ల సంగతి ఇంకొకటి. దస్తావేజులో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంది, గుర్తింపు కార్డులో పూర్తి ఇంటిపేరు ఉంది, పన్ను రసీదులో ఒక అక్షరం తప్పు పడింది. ముగ్గురూ ఒకరేనని మనకు తెలుసు, కాగితానికి తెలియదు కదా. వారసత్వంగా వచ్చిన ఇల్లయితే దీనికి తోడు యజమాని మరణ ధ్రువీకరణ, వారసుల నిర్ధారణ, వారందరి సంతకాలు సాధారణంగా కావాలి. దూరదేశంలో ఉన్న తోబుట్టువు రాలేకపోతే, తన బదులు సంతకం చేసే అధికారం ఇక్కడివారికి ఇస్తూ అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) పంపాలి, అది అక్కడ సక్రమంగా ధ్రువీకరణ పొంది ఇక్కడికి చేరేసరికి వారాలు పడుతుంది. అధికారం ఇచ్చిన వ్యక్తి మరణిస్తే ఆ పత్రం సాధారణంగా చెల్లదన్న విషయం కూడా చాలామందికి తెలియదు.

ఇంటి పన్ను, నీటి పన్ను, కరెంటు బిల్లు, అపార్టుమెంటు అయితే సంఘానికి బకాయి లేదన్న పత్రం వంటివి ఒకటి రెండు రోజుల్లో సమకూరుతాయి. కష్టమల్లా ఇంటికి తరువాత చేసిన మార్పులతోనే వస్తుంది. ప్లానులో లేని గది, అనుమతి తీసుకోని పై అంతస్తు, దస్తావేజులోని కొలతలకూ నేల మీది హద్దులకూ తేడా ఉంటే కొనేవారు కనిపెట్టేదాకా ఆగకుండా మనమే కొలిపించి, క్రమబద్ధీకరణకు వీలుందేమో విచారించి, వీలు కాకపోతే ఆ మాట బేరానికి ముందే చెప్పడం న్యాయమని నా అభిప్రాయం. దాచిపెట్టి అమ్మితే రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా ఆ తగాదా మనల్ని వదలదు.

రుణం ముగిసిన రోజునే తనఖా విడుదలను నమోదు చేయించే బాధ్యతను రుణదాతలే తీసుకోవాలని, కనీసం ఆ పని ఇంకా మిగిలి ఉందని రుణగ్రహీతకు రాతపూర్వకంగా తెలియజేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అలాగే ఇల్లు అమ్మదలచినవారు, మధ్యవర్తికి చెప్పడానికి కనీసం మూడు నెలల ముందు నుంచి చూసుకోవలసిన పత్రాల గురించి న్యాయవాదుల చేత వివరంగా ఒక వ్యాసం రాయించి ప్రచురించవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు