పార్కుకు తాళమేసి బట్టలషాపు తెరిస్తే ఎట్లా?

సంపాదకుల వారికి నమస్కారం.

కరోనా కర్ఫ్యూ కాస్త సడలగానే ముసలోళ్లనూ పిల్లలనూ వెంటేసుకుని రోడ్డెక్కే వాళ్లకు జరిమానా వెయ్యాలని మొన్న ఇదే పేజీలో ఒక పెద్దాయన రాశారు. ఆయన కోపంలో తప్పేమీ లేదు. కరోనా రెండో వేవ్ నడిచిన ఈ 2021 మే నెలలో తిరుపతిలో ఉన్న వాళ్లెవరికైనా ఆ కోపం వస్తుంది. కానీ ఆ కోపం చూపించాల్సింది మా మీద కాదు. నేను కొర్లగుంటలో జాకెట్లు కుట్టుకునేదాన్ని. మా ఆయన కొండకు ట్యాక్సీ తోలతాడు. మా అత్తకు అరవై ఎనిమిదేళ్లు, షుగరు. పెద్దోడు ఆరో తరగతి, చిన్నదానికి నాలుగేళ్లు. పోయిన వారం మేమందరం కలిసే బయటికి పోయొచ్చాం. జరిమానా వేస్తానంటే వెయ్యండి గానీ ముందు నా మాట వినండి.

ఇంట్లో ఉంటే క్షేమం అంటారు. ఎవరింటిని చూసి అంటారో తెలియదు. మాది రెండు గదుల ఇల్లు. ఉన్న ఒక్క కిటికీ తీస్తే పక్కింటి గోడ. మేడ మీదికి పోయే తలుపు తాళం ఓనరు దగ్గరుంటుంది. గత నెలలో కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం కొన్ని సూచనలు ఇచ్చింది. రోగమున్న మనిషి నోటి నుంచి వచ్చే పెద్ద తుంపర్లు రెండు మీటర్ల లోపే కింద పడిపోతాయట. కంటికి ఆనని సన్న తుంపర్లు మాత్రం గాలిలో పది మీటర్ల దాకా పోతాయట. కాబట్టి తలుపులూ కిటికీలూ తెరిచి గాలి ఆడనివ్వండి అన్నారు. గాలి ఆడే చోటు మేలని వాళ్లు చెబుతుంటే, మా ఇంటి దగ్గరి పార్కుకు ఏప్రిల్‌లో వేసిన తాళం ఇప్పటికీ తియ్యలేదు. ఆ పార్కు ఎదురుగా అద్దాల తలుపులు మూసి, ఏసీ వేసిన బట్టలషాపు మాత్రం సాయంత్రం 5 దాకా కిటకిటలాడుతోంది. శ్రావణం పెళ్లిళ్లకు చీరలట. పెళ్లికి 20 మంది మించకూడదని రూలు. చీరలు కొనడానికి ఎంతమంది వచ్చినా అడిగే నాథుడు లేడు.

టైము సంగతి కూడా చూడండి. మే 5న కర్ఫ్యూ పెట్టినప్పుడు పొద్దున 6 నుంచి 12 దాకానే వదిలారు. జూన్ 11 నుంచి మధ్యాహ్నం 2 గంటల దాకా, 21 నుంచి సాయంత్రం 6 దాకా పెంచారు. తక్కువ గంటలు వదిలిన రోజుల్లో ఊరంతా ఆ గంటల్లోనే అంగళ్ల మీద పడింది. పదకొండున్నరకు కూరగాయల దగ్గర ఒకరి భుజం ఒకరికి రాసుకునేది. మేము ఆ వేళకు పోవడం మానేసి, అంగడి తీసీ తియ్యకముందే మా ఆయన ఒక్కడే పోయి వారానికి సరిపడా తెచ్చేసేవాడు. ఇంట్లో ఒక్కరే అంగడికి, అందరూ కలిసి పోతే ఆరుబయటికి. మా ఇంట్లో పెట్టుకున్న లెక్క ఇదే.

ఇక మేము పోయిన సంగతి. అత్తకు టీకా రెండు డోసులూ పడ్డాయి, మా ఆయనకూ పడ్డాయి. ఐదేళ్ల లోపు బిడ్డలున్న తల్లులకు ముందుగా వేస్తామని ఈ నెలలో ప్రభుత్వం చెప్పింది కదా, అట్లా నాకూ మొదటి డోసు పడింది. డాక్టరేమో అత్తను రోజూ నడవమంటాడు. రెండు గదుల్లో ఎంతని నడుస్తుంది? "ఏమ్మే, కొండను చూసి ఎన్నాళ్లయిందో, ఈ గోడ చూసి చూసి కండ్లు పోతా ఉండాయి" అని రోజూ ఇదే పాట. తిరుపతిలో పుట్టి పెరిగిన మనిషి, ఆమె బాధ ఆమెది. కేంద్ర పురావస్తు శాఖ వాళ్లు ఏప్రిల్ 16న మూసిన కట్టడాలను ఈ నెల 16న మళ్లీ తెరిచారని తెలిసి, చంద్రగిరి కోటకు పోదామనుకున్నాం. ఆదివారం కాకుండా పనిదినం చూసుకున్నాం. గేటు తీసే వేళకే అక్కడున్నాం.

మా ఆడబిడ్డ వాళ్లు కూడా "మేమూ వస్తాం, బండిలో సర్దుకుందాం" అన్నారు. వద్దన్నాను. ఒకే ఇంట్లో పడుకుని లేచేవాళ్లం ఐదుగురం ఒక బండిలో కూర్చుంటే కొత్తగా వచ్చే ముప్పేమీ లేదు. ఇంకో ఇంటి వాళ్లు నలుగురు ఎక్కితే లెక్క మారిపోతుంది. ఆమె మూతి ముడుచుకుంది, ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడుతుందిలే. బండిలో ఏసీ వెయ్యలేదు, అద్దాలన్నీ దించేశాం. మా ఆయన ట్యాక్సీ అయినా అంతే, ఘాట్ రోడ్డులో అద్దాలు దించితేనే బండి కదిలేది. కొండకు వచ్చే జనమే తగ్గిపోయిన ఈ రోజుల్లో, ఏసీ వెయ్యలేదని దిగిపోయిన గిరాకీలు కూడా ఉన్నారు. పోతే పోనీ అంటాడు.

మాస్కుల గురించి నాలుగు మాటలు ఎక్కువ చెబుతాను, నా పని కాబట్టి. పెద్దోడికి లోపల సర్జికల్ మాస్కు, పైన నేను కుట్టిన గుడ్డ మాస్కు. చెవులకు తగిలించే ఎలాస్టిక్కు పిల్లలకు పది నిమిషాల్లో నొప్పి పుట్టిస్తుంది. ఇంకేముంది, మాస్కు గడ్డం కిందికి జారుతుంది. అందుకని ఎలాస్టిక్కు తీసేసి, జాకెట్టు కుట్టగా మిగిలిన ముక్కలతో రెండు నాడాలు కుట్టాను. ఒకటి మెడ వెనక, ఒకటి తల వెనక ముడి. ముక్కు దగ్గర గుడ్డకు చిన్న కుచ్చు పెడితే సందు ఉండదు. పెద్దోడు కోటలో ఉన్నంతసేపూ తియ్యలేదు. చిన్నదానికి మాత్రం మాస్కు లేదు. ఐదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు మాస్కు అక్కర్లేదని కేంద్ర ఆరోగ్య శాఖ డైరెక్టరేటు ఈ నెలలోనే చెప్పింది. ఈ సంగతి తెలియని వాళ్లు రోడ్డు మీద ఆపి మరీ నన్ను తిట్టారు. తిట్టిన ఒకాయన మాస్కు ఆయన గడ్డం కింద ఉంది. మూడో వేవ్ పిల్లలకేనని టీవీలు భయపెడుతున్నాయి కాబట్టి ఆయననూ అనలేను. దాన్ని చంకనెత్తుకుని జనం లేని వైపు పోవడమే మేము చేయగలిగింది.

కోటలో రాజమహల్ లోపల మ్యూజియం ఉంది. కృష్ణదేవరాయల విగ్రహం చూడాలని పెద్దోడు చాలాసేపు పేచీ పెట్టాడు. లోపల గదుల్లో జనం ఉన్నారు, మేము పోలేదు. బయట చెట్ల కింద, ఎవరికీ దగ్గర కాకుండా చాప పరుచుకున్నాం. నిమ్మకాయ చిత్రాన్నం ఇంటి నుంచే తీసుకుపోయాం, ఎవరి నీళ్ల సీసా వాళ్లకు. తినాలంటే మాస్కు తియ్యక తప్పదు. అందుకే హోటల్లో కూర్చోవడం మాకు ఇప్పుడు ఇష్టం లేదు. అత్త ఆ గడ్డి చుట్టూ మెల్లగా నడిచింది. ఆగినప్పుడల్లా కొండ వైపు తిరిగి దండం పెట్టుకుంది. ఎక్కువసేపు ఉండలేకపోయాం. ఆడవాళ్లు పోదగ్గ మరుగుదొడ్డి లేని చోట కుటుంబంతో ఎంతసేపు ఉండగలరో రూల్సు రాసేవాళ్లు ఎప్పుడూ ఆలోచించరు.

మాకైతే బండి ఉంది కాబట్టి చంద్రగిరి దాకా పోగలిగాం. మా వీధిలో చాలా మందికి సైకిలు కూడా లేదు. వాళ్లకు పార్కే దిక్కు. పొద్దున 6 నుంచి 9 దాకా తెరవండి. కొంతసేపు ముసలోళ్లకు, కొంతసేపు పిల్లలున్న వాళ్లకు అని విడదీయండి. లోపలికి ఇంతమందే అని గేటు దగ్గర ఒక మనిషిని పెట్టండి, మేము వరసలో నిలబడతాం. బెంచీలు, ఉయ్యాలలు కట్టేసి ఉంచినా ఫరవాలేదు, నడిచే దారి చాలు. పోయినేడు లాక్‌డౌన్‌లో కూరగాయల అంగళ్లను మైదానాల్లోకి మార్చినట్టు ఇప్పుడూ మార్చవచ్చు. ఇక బట్టలషాపుల వాళ్లను తలుపులు తెరిచి పెట్టి, ఫ్యాన్లతో సరిపెట్టుకోమనండి. ఏసీ లేకపోతే చీర చిరిగిపోదు.

పార్కు తాళంచెవి ఎవరి దగ్గరుందని వాచ్‌మన్‌ను అడిగితే ఆఫీసులో అడగమంటాడు. ఆఫీసులో అడిగితే పైవాళ్లు చెప్పాలంటారు. ఆ పైవాళ్లెవరో కనీసం మీ విలేకరి ద్వారా తెలిసినా చాలు. మా వీధి వాళ్లందరి సంతకాలతో అర్జీ రాసి సిద్ధంగా ఉంచాం, పైన ఎవరి పేరు రాయాలో తెలియక ఆ చోటు ఖాళీగా వదిలాం.

ఇట్లు,
ఒక కుట్టుపని మనిషి,
కొర్లగుంట, తిరుపతి
జూన్ 2021